జంట దోనెలపై సంసారము

రఘువంశమును ఆరంభించుచుఁ గాళిదాస మహాకవి తన వినయమును దెలుపుటకు ఒక యుపమానమును వాడెను. చిన్న తెప్పతో మహాసముద్రమును దాటఁ గోరువానివలె నున్నానని ఆయన చెప్పుకొనెను. నేను బడిపంతులుగా నున్న కాలమున ఈ సర్గమును పలుసారులు పాఠము చెప్పితిని. తెప్పతో సముద్రమును దాటుట జరుగని పనికి గుఱుతని పిల్లలకు విప్పి చెప్పితిని. కావ్యమునకు ఆ యర్థమే తగును. చరిత్రమును జదువఁగా మాత్రము నాకు వేఱొక సంగతి తెలిసినది. మ్రాఁకులను దొలిచి, పీచుత్రాళ్లతో బిగించిన జంట దోనెలపై ఆలుబిడ్డలతో, కోళ్లతో, పందులతో, చేమపిలకలతో భూమండలమున నెల్లఁ బెద్దదియగు సముద్రమును దాటి సంసారములు నిలిపిన జనులు కలరు. వారు దోనెను ఇల్లుగా నెట్లు అమర్చుకొనిరి, ఆ విద్య యెట్లు మఱుగుపడెను, మరల నెట్లు బయటఁబడెను అనునదియే నేఁటి ప్రసంగ విషయము.

ముందుగా మాటను విచారింతము. రెండు దోనెలను అడ్డదూలములతోఁ గలిపిన పడవను ఇంగ్లీషువారు కాటమరాను అందురు. ఈ మాట వారి సొత్తు కాదు, మన తీరమునుండి పోయినది. తమిళమున కట్టుమరమనఁగాఁ గట్టిన మ్రాను. మన భాషలోని కట్టు, మ్రాను అను మాటలు దానికిఁ దోఁబుట్టువులు. కొన్ని తేలిక దుంగలను జేర్చి త్రాళ్లతో బిగించి మన సముద్రతీరపు జాలరులు వేఁటకుఁ బోవు తెప్పయే అది. విలియం డాంపియరు అను ఇంగ్లీషు నావికుఁడు చోళమండల తీరమునఁ దాను జూచిన ఈ తెప్పలను 1697లో అచ్చుపడిన తన యాత్రాగ్రంథమున వర్ణించెను. ఇప్పుడు మన తీరమున ఫైబరు పడవలు వచ్చి దుంగల తెప్పలు అరుదైనను, ఆ క్రొత్త పడవలను సైతము పలువురు తెప్ప యనియే పిలుచుచున్నారు. వస్తువు మాఱినను పేరు నిలిచినది.

ఇంగ్లీషువారి యొద్ద ఇందుకు విపర్యాసము జరిగినది. పేరు మన తెప్పనుండి లేచిపోయి వేఱొక వస్తువుపైఁ గూర్చుండినది. 1876లో నథానియెల్ హెరెషాఫ్ అను అమెరికా దేశీయుఁడు అమరిల్లిస్ అను జంట పడవను గట్టి న్యూయార్కు పందెములలో ఒంటిదోనె పడవలను వెనుకవేసెను. ఓడినవారు ఆక్షేపింపఁగా నట్టి పడవలకు ఆ పందెములలోఁ జోటు లేకపోయెను. నాఁటినుండి కాటమరానను పేరు జంట పడవకే రూఢమయినది. నిజమునకు జంట పడవకు మన భాషలో వేఱుగా ఒక చక్కని పేరు కలదు. రెండు దోనెలను జతగాఁ గట్టినచో దానిని సంగడి యందుము. ఆ మాటకే జత యనియు చెలిమి యనియు అర్థములు కలవు. సంగడీఁడనఁగా స్నేహితుఁడు. క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో గ్రీకుభాషలో వ్రాయఁబడిన ఎరిత్ర సముద్ర యాత్రాగ్రంథము మన తూర్పుతీరపు రేవులను బేర్కొనుచు, ఒంటిమాని దోనెలను బెక్కింటిని గలిపి కట్టిన పెద్ద పడవలను సంగర యందురని చెప్పుచున్నది. మాట యెంత ప్రాఁతదియో దీనివలన ఊహింపవచ్చును.

రెండు పడవలపైఁ గాళ్లు పెట్టవలదని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాట విడివిడిగాఁ దేలుచున్న పడవలకు వర్తించును. ఆ రెండింటిని గట్టిగాఁ గట్టినచో, వానిపై నిలిచినవానికంటె స్థిరముగా నిలిచినవాఁడు నీటిపై వేఱొకఁడు లేఁడు. కాళ్లు దగ్గఱగాఁ బెట్టి నిలిచినవానిని త్రోసినఁ బడును. కాళ్లు ఎడముగాఁ బెట్టినవాఁడు నిలుచును. ఒంటిదోనె ఓడ గాలికి ఒరగిపోకుండ అడుగున ఇనుమో సీసమో బరువుగాఁ గట్టవలెను. జంట దోనెకు ఆ యనవసరపు బరువు అక్కఱలేదు. అది వెడల్పుచేతనే నిలుచును. తేలికయగుటచే వేగముగాఁ బోవును. లోఁతు తక్కువయగుటచే ఇసుకతిన్నెమీఁదికి ఎక్కింపవచ్చును. రెండు దోనెల నడుమ పఱచిన బల్ల మంచె ఇంటి ముంగిలివలె ఉపయోగపడును. సముద్రముపైఁ జిరకాలము కాపురముండఁ గోరువారికి ఇంతకంటెఁ దగిన పునాది లేదని పసిఫికు మహాసముద్రపు జనులు మూఁడువేల యేండ్లనాఁడే కనిపెట్టిరి.

ఆ జనులను మనము పాలినీషియనులని పిలుచుచున్నాము. వారి పూర్వులు పడమటి ద్వీపములనుండి బయలుదేఱి సుమారు మూఁడువేల యేండ్లక్రిందట ఫిజీ, టోంగా, సమోవా ద్వీపములను జేరిరి. అచ్చట బహుకాలము నిలిచి, క్రీస్తుశకము 1000వ సంవత్సరమునకుఁ దరువాతి రెండుమూఁడు శతాబ్దులలో తూర్పుననున్న తాహితి మొదలగు ద్వీపములకును, ఉత్తరమున హవాయికిని, ఆగ్నేయమున రాపానూయికిని, తుదకు సుమారు 1300 ప్రాంతమున నైరృతి దిక్కునందలి న్యూజీలండునకును బోయిరి. పటమును దీసి హవాయి, రాపానూయి, న్యూజీలండు అను మూఁడింటిని గీఁతలతోఁ గలిపి చూడుఁడు. ఆ త్రిభుజములో మన భారతదేశమువంటివి పెక్కు దేశములు ఇముడును. ఆ మేర యంతయు నీరు. నీటి నడుమ ఆవగింజలు చల్లినట్లు ద్వీపములు. ఇనుము ఎఱుఁగనివారు, దిక్సూచి ఎఱుఁగనివారు ఈ ద్వీపములలో నివాసయోగ్యమయిన వానిని దాదాపు అన్నిటిని వెదకి పట్టుకొనిరి.

ఇప్పుడు వారి పడవ కట్టుటను జూతము. రాతిబాడిసెలతోను, గుల్లపనిముట్లతోను మాను దొలిచి దోనె అడుగు సిద్ధపఱతురు. దానిపై పలకలను ఎత్తుగా నిలిపి, అంచులకు రంధ్రములు చేసి, కొబ్బరిపీచు త్రాటితోఁ గుట్టుదురు. సందులలో పీచు కూరి సీమపనస పాలు జిగురుగాఁ బూయుదురు. ఒక్క మేకు లేదు. మేకు బిగించిన పలక అలతాఁకిడికిఁ జీలిపోవచ్చును. త్రాటితోఁ గుట్టిన పలక కొంచెము కదలి, అలకు లోఁబడి, మరల తన చోటికి వచ్చును. బిగువునందు ఇంత వదులు ఉంచుటయే వారి శిల్పరహస్యము. తెఱచాపను మొగలియాకులతో అల్లుదురు. మన మాటలో సైతము చాప దాఁగియుండుట గమనింపుఁడు. ఇట్టి కట్టడమునకు నిదర్శనములు నేలలో దొరకినవి. 1970 దశాబ్దిలో హువాహినే ద్వీపమున పెద్ద దోనె పలకలును, చుక్కాని తెడ్డును బురదలోఁ బూడియుండఁగా బయటఁబడెను. 2012లో న్యూజీలండునందలి అనవెకా తీరమున ఆఱు మీటర్ల దోనె పలక యొకటి దొరకినది. అది సుమారు 1400 సంవత్సరము నాఁటిదని పండితులు నిర్ణయించిరి. దానిపైఁ దాఁబేలు బొమ్మ చెక్కఁబడి యున్నది.

పడవ సిద్ధమయిన తరువాత అసలు ప్రశ్న వచ్చును. దానిలో ఏమి వేయవలెను? ఏమి విడిచిపెట్టవలెను? గ్రామాంతరమునకుఁ గాపురము మార్చువారికి రెండవ బండి దొరకును. మఱచినదానికై మరల రావచ్చును. వీరికి ఆ వీలు లేదు. అందుచేత వారి సరంజామాను నాలుగు భాగములుగాఁ జెప్పుకొందము. నీరు, ఆహారము, విత్తనము, మనుష్యులు.

మొదట నీరు. బడిపంతులను గనుక లెక్క వేసి చూపెదను. ఇరువదిమంది ముప్పది దినములు ప్రయాణము చేయుదు రనుకొందము. త్రాగుటకు మాత్రమే మనిషికి దినమునకు రెండు లీటర్లు కావలెను. ఇరువదిమందికి దినమునకు నలువది లీటర్లు. ముప్పది దినములకు 1,200 లీటర్లు. అనఁగా 1,200 కిలోల బరువు. డెబ్బదియైదు కిలోల ధాన్యపు బస్తాలు పదునాఱు ఎత్తినంత బరువన్నమాట. దీనిని వారు సొరకాయ బుఱ్ఱలలోను, కొబ్బరి చిప్పలలోను, వెదురు గొట్టములలోను నింపి రెండు దోనెలకును సమముగాఁ బంచెడివారు. ఒక పెద్ద బాన పగిలిన సర్వము పోవును. నూఱు బుఱ్ఱలలో ఒకటి పగిలిన నష్టము స్వల్పము. లేఁత కొబ్బరికాయలు నీటికి నీరు, తిండికి తిండి. వాన వచ్చినపుడు చాపలు పఱచి నీటిని బట్టెడివారు. ఐనను వానను నమ్ముకొని ఎవఁడును బయలుదేఱఁడు.

రెండవది ఆహారము. దీర్ఘయాత్రకుఁ జెడనిది కావలెను. సీమపనసపండ్లను ఆకులు పఱచిన గోఁతులలోఁ బూడ్చి పులియఁబెట్టినచో అవి నెలలకొలఁది, ఒక్కొక్కచో ఏండ్లకొలఁది నిలుచును. మన యింట ఊఱగాయ జాడీ యెట్టిదో వారికి ఆ పులిసిన ముద్ద అట్టిది. ఎండుచేఁపలు, వండి యెండఁబెట్టిన దుంపలు, ముదురు కొబ్బరికాయలు దానికిఁ దోడు. ముత్యపుచిప్ప గాలమును వెనుకకు వదలి చేఁపలను బట్టెడివారు. మంచెపై ఒక మూల ఇసుకయు ఱాళ్లును పఱచి పొయ్యి ఏర్పఱచెడివారు. కొయ్య పడవపై నిప్పు ఉంచుట ఎంత ప్రమాదమో యోచింపుఁడు. ఆ పొయ్యిని గనిపెట్టుకొని యుండుటయే ఒక ఉద్యోగము.

మూఁడవది విత్తనము. నన్ను మిక్కిలి యాశ్చర్యపఱచినది ఈ భాగము. ప్రయాణములోఁ దినుటకుఁ దెచ్చినది వేఱు, చేరినపిమ్మట నాటుటకుఁ దెచ్చినది వేఱు. చేమ, పెండలము, అరఁటి, చెఱకు, సీమపనస, కొబ్బరి, పసుపు, బట్టకు నార యిచ్చు చెట్టు, దీపమునకు నూనెగింజల నిచ్చు చెట్టు, ఇన్నింటి పిలకలను, వేరుమొక్కలను, గడ్డలను తడి నారలోను ఆకులలోను జుట్టి ఉప్పునీరు సోఁకకుండఁ గాపాడిరి. వీనిలోఁ జాలభాగము మన పెరళ్లలోనివే యని శ్రోతలు గ్రహించియుందురు. పసుపు లేని గృహస్థధర్మము మనకు లేనట్లే వారికిని లేదు. జంతువులలో పందిని, కుక్కను, కోడిని దెచ్చిరి. దారిలో ఆఁకలియైనను విత్తనపు దుంపను ముట్టరాదు. పొట్టకును రేపటి పంటకును నడుమ రైతు కఱవుకాలమున నెదుర్కొను ధర్మసంకటమే అది. విత్తనము తిన్న పడవ తీరము చేరినను బ్రదుకదు. ఆ ద్వీపములలోఁ బెక్కింట మనుష్యుఁడు తినఁదగిన మొక్కలు మిక్కిలి తక్కువ. అందుచే దోనెలో వచ్చిన ఊరే అచ్చట ఊరయ్యెను.

నాలుగవది మనుష్యులు. దోనెలు ఇఱుకు. మంచెపై ఒక చిన్న పూరిపాక. దానిలో వంతులవారిగా నిద్ర. ఒకరు చుక్కాని తెడ్డు పట్టవలెను, ఒకరు తెఱచాపను గనిపెట్టవలెను, ఒకరు దోనెలలో నూఱు నీటిని రేయింబవళ్లు తోడిపోయవలెను. వీరందఱికిఁ బైన దారి యెఱిఁగిన కర్ణధారుఁడు. అతఁడు నక్షత్రము లుదయించు చోట్లను, అస్తమించు చోట్లను దిక్కులుగా గుర్తించును. మబ్బు క్రమ్మినపుడు అలల పోకడను శరీరముతోఁ దెలిసికొనును. సాయంకాలమునఁ గొన్ని సముద్రపక్షులు ఏ దిక్కునకు మరలునో చూచి నేల యున్న దిక్కును బట్టును. అతని యొద్ద పటము లేదు. తాతనుండి మనుమఁడు వల్లించిన విద్యయే అతని గ్రంథము. వేదమును ముఖతః వల్లించిన దేశమున బుట్టిన మనకు ఇది అర్థము కానిది కాదు.

ఐరోపావారు ఈ పడవలను జూచి విస్మయము పొందిరి. 1616లో షౌటెన్, లెమేర్ అను డచ్చి నావికులు టోంగా ప్రాంతమున నిట్టి జంట పడవను నడిసముద్రమునఁ జూచిరి. దాని చిత్రము వారి గ్రంథమున నచ్చుపడెను. 1774లో తాహితియందు కెప్టెన్ కుక్ ఒక్కచోట 160 పెద్ద జంట దోనెల యుద్ధనౌకాదళమును జూచెను. అంతకుముందే 1769లో తుపాయా అను ద్వీపవాసి కుక్ ఓడలో నెక్కి, తన కెఱుకగల డెబ్బదికిఁ బైగా ద్వీపములను బటముగాఁ జూపెను. న్యూజీలండు చేరినపుడు అచ్చటివారితో ఆయన తన భాషలోనే మాటలాడఁగా వారు గ్రహించిరి. వేల మైళ్ల యెడమున ఒకే భాష! ఇంతటి విద్వాంసుఁడు 1770 డిసెంబరులో బటావియాలో వ్యాధిచేఁ జనిపోయెను. ఆయన యెఱిఁగిన దానిలోఁ గొంత మాత్రమే కాగితముమీఁదికి వచ్చినది.

తరువాత క్రొత్త వ్యాధులు వచ్చి ఆ జనులు లెక్కకు మిక్కిలిగా నశించిరి. పరపాలన వచ్చినది. ఐరోపా ఓడలు వచ్చినవి. దూరయాత్రలు చేయు జంట దోనెలు తాహితి, హవాయి ప్రాంతములలోఁ గనుమఱుగయ్యెను. విద్య పోయిన పిమ్మట ఆ విద్య ఉండెనా యను సందేహము పుట్టుట లోకసహజము. 1947లో థోర్ హెయర్డాల్ అను నార్వే దేశీయుఁడు బాల్సా దుంగల తెప్పపై పెరూ దేశమునుండి 101 దినములు ప్రయాణించి రారోయా ద్వీపమును జేరి, ఆ జనులు తూర్పునుండి గాలివాటునఁ గొట్టుకొనివచ్చినవారని వాదించెను. 1956లో ఆండ్రూ షార్ప్ అను చరిత్రకారుఁడు, దూరద్వీపములను వారు తలఁచి వెదకి పట్టలేదనియు, దారితప్పి చేరిరనియు వ్రాసెను. దారితప్పినవాఁడు పందిని, కోడిని, చేమపిలకను, పసుపుకొమ్మును సర్దుకొని దారితప్పునా? సరంజామాయే సాక్ష్యము. బండిలో విత్తనపు బస్తా ఉన్నచో నతఁడు సంతకుఁ బోయి తప్పిపోయినవాఁడు కాఁడు, సేద్యమునకై బయలుదేఱినవాఁడు.

వాదమునకు వాదము చాలదు. కట్టి చూపవలెను. ఎరిక్ ద బిషాప్ అను ఫ్రెంచివాఁడు కైమిలోవా యను జంట దోనెను హవాయిలోఁ గట్టి, ఒక సహచరునితో 1937 మార్చిలో బయలుదేఱి, ఆఫ్రికా దక్షిణాగ్రమును జుట్టి, 1938 మేలో ఫ్రాన్సుదేశపు కాన్ రేవునకుఁ జేరెను. ఆతని గ్రంథమును జదివి జేమ్స్ వారమ్ అను ఇంగ్లీషు యువకుఁడు 23 అడుగుల ఆఱంగుళముల జంట దోనెను స్వహస్తములతోఁ గట్టెను. దానికిఁ దంగరోవా యని పాలినీషియా దేవత పేరు పెట్టి, 1950 దశాబ్ది నడుమ ఇద్దఱు జర్మను యువతులతో అట్లాంటికు సముద్రమును దాటి ట్రినిడాడు చేరెను. ఆ చిన్న పడవయే వారికి ఇల్లు. తరువాత అచ్చటనే రోంగో యను నలువది యడుగుల దోనెను గట్టి, 1959లో న్యూయార్కునుండి ఐర్లండునకు వచ్చిరి. ఉత్తర అట్లాంటికును పడమటనుండి తూర్పునకు జంట పడవ దాటుట అదియే మొదలు. 2021లో మరణించువఱకు వారమ్ సామాన్యులు తామే కట్టుకొనఁదగిన జంట పడవల నమూనాలను గీచి యిచ్చుచుండెను. వానిలోఁ బెక్కింట దూలములను మేకులతోఁ గాక త్రాళ్లతోనే కట్టుదురు.

హవాయి ప్రజలు సైతము మేలుకొనిరి. 1973లో పాలినీషియన్ వాయేజింగ్ సొసైటీ యను సంఘము ఏర్పడెను. వారు 62 అడుగుల జంట దోనెను గట్టి హోకులేయా యని పేరు పెట్టి 1975 మార్చి 8వ తేదీని నీటిలోనికి దింపిరి. హోకులేయా యనునది హవాయి నడినెత్తిపై నడచు స్వాతీ నక్షత్రము పేరు. దారి చూపువాఁడు కావలసివచ్చెను. హవాయిలో ఒక్కఁడును మిగులలేదు. దూరమునందలి సతవాల్ అను చిన్న ద్వీపమునుండి మౌ పియాయిలుగ్ అను వృద్ధవిద్యా పారంగతుఁడు వచ్చెను. 1976 మే 1వ తేదీని మావీ ద్వీపమునుండి బయలుదేఱిరి. పూర్వులవలెనే ఒక కుక్కను, పందిని, కోళ్లను, మొక్కలను ఎక్కించుకొనిరి. దిక్సూచి లేదు, పటము లేదు. జూన్ 4వ తేదీని తాహితియందలి పాపియేతె రేవు చేరిరి. సుమారు 17,000 మంది తీరమున నిలిచి స్వాగత మిచ్చిరి. వందల యేండ్లుగాఁ దమకుఁ గాదన్న దానిని దమ కన్నులతోఁ జూచిన జనులు వారు.

ఇంత జయములోను ఒక వెలితి కలిగినది. దారిలో నావికులలోఁ గొందఱు కలహించిరి. మౌ మనసు విఱిగి తిరుగుప్రయాణమునకు రాక తన ద్వీపమునకుఁ బోయెను. నీరుండెను, ఆహారముండెను, సంగడి యున్నదిగాని సంగడీలు కాలేదు. రెండేండ్లకు అంతకంటెఁ గష్టము వచ్చెను. 1978 మార్చి 16వ తేదీ రాత్రి, నెలకు సరిపడు సామగ్రితో బరువెక్కియున్న హోకులేయా పెనుగాలిలో ఒక దోనె నీరు నిండి మొలకాయి ద్వీపము దాపున తలక్రిందయ్యెను. మఱునాఁడు ఎడ్డీ ఐకావ్ అను ముప్పదియొక్క యేండ్ల యువకుఁడు సహాయము తెత్తునని తన అలపలకపై ఒంటరిగా బయలుదేఱెను. మిగిలినవారందఱు రక్షింపఁబడిరి. ఎడ్డీ తిరిగి రాలేదు. ఆయన సముద్రతీరమున మునుఁగువారిని గాపాడు ఉద్యోగి. ఆ ఉద్యోగధర్మమును తుదివఱకు విడువలేదు.

ఆ సంఘమువారు పని మానివేయలేదు. తప్పును వెదకిరి. దోనెను బాగుచేసిరి. తోడుపడవ లేక పోరాదని నిర్ణయించుకొనిరి. మౌను మరల ప్రార్థింపఁగా ఆయన వచ్చి నైనోవా థాంప్సన్ అను హవాయి యువకునికిఁ దన విద్యను జెప్పెను. తమ వంశమువారికే చెప్పవలసిన విద్యను పరులకుఁ జెప్పెనని ఆయనను నిందించినవారు ఉండిరి. చెప్పకున్న నశించునని ఆయన తలఁచెను. 1980లో నైనోవా తానే దారి చూపుచు తాహితికిఁ బోయి వచ్చెను. 2014 నుండి 2017 వఱకు హోకులేయా భూగోళమును జుట్టివచ్చెను. మౌ 2010లో దివంగతుఁ డయ్యెను. ఆయన విద్య మాత్రము ఇప్పుడు పలువురి యొద్ద నున్నది.

నేఁడు ధనికులును, ఉద్యోగవిరతులును, బాల్యమునుండి సముద్రమును బ్రేమించువారును నలువది యడుగుల జంట పడవలలో ఏండ్ల తరబడి కాపురమున్నారు. వారి సరంజామా వేఱుగాఁ దోఁచును. ఉప్పునీటిని సన్నని పొరలగుండ ఒత్తిడితోఁ ద్రోసి మంచినీరుగాఁ జేయు యంత్రము కలదు. ఎండను విద్యుత్తుగా మార్చు పలకలు, దానిని దాఁచు బ్యాటరీలు, చల్లని పెట్టె, గ్యాసుపొయ్యి, గొలుసుతోఁ గూడిన బరువైన లంగరు, ఉపగ్రహముల సాయమున దిక్కు తెలుపు యంత్రము కలవు. ఇన్నియున్నను ప్రాఁత ధర్మము మాఱలేదు. జంట పడవకుఁ దేలికదనమే ప్రాణము. చోటు విశాలముగానున్నదని సామాను నింపినచో దోనెలు లోఁతుగా దిగును. నడుమ మంచె అడుగుభాగమును అలలు సుత్తులవలెఁ గొట్టును. వేగము పోవును. ఒంటిదోనె ఓడ ఒరగినను అడుగు బరువుచేత మరల లేచును. జంట పడవ ఒకసారి తలక్రిందయినచోఁ దానై లేవదు. అందుచేత అనుభవజ్ఞులు ప్రతి వస్తువును దూచి యెక్కింతురు. బరువైనవానిని దోనెల నడిమిభాగమునఁ గ్రిందుగా నుంతురు, కొనలను ఖాళీగా విడుతురు. నీటియంత్రమున్నను విడిగాఁ గొన్నిదినముల నీటిని దాఁతురు. యంత్రము చెడిననాఁడు నీటిబుఱ్ఱయే దిక్కు.

శ్రోతలారా! ఈ కథను మీకుఁ జెప్పుటకు ఒక కారణము కలదు. మన గ్రామములలో నిప్పటికిని గాలిని జూచి వాన చెప్పఁగలవారు, చుక్కను జూచి జాము చెప్పఁగలవారు, దోనె కట్టఁగలవారు, విత్తనమును జెడకుండ దాఁచఁగలవారు అక్కడక్కడఁ గలరు. వారిలోఁ బెక్కండ్రు మీ యీడువారు, కొందఱు మీరే. అడుగువాఁడు లేఁడని ఆ విద్యను మనసులోనే యుంచుకొనకుఁడు. హవాయివారు తమ పూర్వుల విద్యకై పరద్వీపమునకుఁ బోయి యాచింపవలసివచ్చెను. అదృష్టవశమున అచ్చట ఒక్కఁడు మిగిలియుండెను, ఆ యొక్కఁడు కాదనలేదు. మన మనుమలకు అట్టి యాచన రాకుండఁ జేయుట మన చేతులలో నున్నది. ఈ రాత్రి భోజనమయిన పిమ్మట ఒక మనుమని వాకిటికిఁ బిలిచి, మీ కెఱుకగల ఒక్క చుక్కను చూపుఁడు.